కందెన

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల ఎఱ్ఱ చెలకలలో ఒకప్పుడు ఆముదము ముఖ్యమైన వర్షాధారపు పంట. నేడు ఆ చెలకలలో పెక్కింటిని ప్రత్తి ఆక్రమించినది. ఆముదమును మన పెద్దలు దీపమునకును, తలకును, మందునకును మాత్రమే గాక బండికి కూడ వాడిరి. గడ్డి కాల్చిన మసిని ఆముదముతో కలిపి మెదిపిన నల్లని ముద్దయే కందెన. దానిని వెదురు గొట్టములో నింపి బండి క్రింద వ్రేలాడగట్టుకొనెడివారు. దూరపు సంతకు పోవలసినపుడు ముందునాటి సాయంకాలమే చీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసునకు కందెన పూసి, మరల బిగించెడివారు. చక్రము కీచుమని మొఱపెట్టిన పిదప గొట్టము వెదకువాడు మంచి బండివాడనిపించుకొనలేదు.

ఇరుసుమీద కందెన చేయు పని యేమి? ఇనుము ఎంత నునుపుగా కనబడినను దానిమీద కంటికి కానరాని గుట్టలును, గుంటలును ఉండును. రెండు ఇనుప ముఖములు ఒరసికొన్నపుడు ఆ గుట్టలు ఒకదానినొకటి గీకికొనును; వేడి పుట్టును; పొడి రాలును. రాలిన పొడియే ఆకురాయివలె పనిచేసి మఱింత అరుగుదలను కలిగించును. నడుమ నూనె పొర నిలిచినచో ఇనుము ఇనుమును తాకక, నూనె మీద తేలుచు తిరుగును. దీనితో అరుగుదల పూర్తిగా ఆగిపోదు గాని, దినములలో జరుగవలసిన చెఱుపు సంవత్సరములకు వాయిదా పడును.

బండ్లు తగ్గి యంత్రములు వచ్చినవి. మీ ఊరి చెరువులో మట్టి త్రవ్వు యంత్రములను మీరు చూచియుందురు. ముందు తొట్టియు, వెనుక చేయియు గల పసుపుపచ్చని దానిని ఊరివారు జేసీబీ అందురు. అది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అను ఆంగ్లేయుని పేరులోని తొలి అక్షరముల కూర్పు. ఉక్కు పట్టాలమీద నడచుచు ఒంటిచేతితో త్రవ్వు పెద్ద యంత్రమును ప్రొక్లెయినర్ అందురు. అదియు పొక్లెయిన్ అను ఫ్రెంచి సంస్థ పేరే. మన నాలుకమీద నలిగి అట్లయినది. ఆ యంత్రపు చేతికి భుజము, మోచేయి, మణికట్టు అనదగిన కీళ్లు గలవు. ప్రతి కీలులోను ఒక లావుపాటి ఉక్కు కడ్డీ యుండును. దానికి గ్రీజు ఎక్కించుటకు చిన్న ముక్కువంటి రంధ్రము నమర్చియుందురు.

ఆ గ్రీజు సంగతి వినదగినది. ఆముదపు నూనెకు ఉదజని వాయువును చేర్చి గట్టిపఱచి, దానినుండి ఒక ఆమ్లమును తీయుదురు. ఆ ఆమ్లము లిథియము క్షారముతో కలిసినపుడు సబ్బువంటి పదార్థము ఏర్పడును. స్పంజి నీటిని పట్టియుంచినట్లు ఈ సబ్బు ఖనిజపు నూనెను పట్టియుంచి, ఒరపిడి కలిగినచోట కొంచెము కొంచెముగా విడుచును. ప్రపంచమున నేడు వాడుకలోనున్న గ్రీజులలో అధిక భాగము లిథియము జాతివే. బండి ఇరుసును విడిచిపోయిన ఆముదము రూపు మార్చుకొని యంత్రపు మోచేతిలో చేరినదన్నమాట.

1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన నందికొండ కడ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు వదలిరి. ఆ మహానిర్మాణములో నడిమి ఆనకట్ట రాతికట్టడము. దానిని లేపినవి ముఖ్యముగా మనుష్యుల చేతులు. మన దేశమందలి ఎన్నో ప్రాజెక్టులలో మట్టి మోసినవారు పాలమూరు కూలీలు. గుంపు మేస్త్రీ వెంట ఊరు విడిచి, తట్టయు పారయు పట్టుకొని, ఆలుబిడ్డలతో పరదేశములలో గుడిసెలు వేసికొని బ్రదికినవారు. గడ్డపార మొన మొద్దుబారుచున్నదని తోచినంతనే సాయంకాలము కొలిమి కడకు పోయి మొన తీయించుకొనెడివారు. పని నడుమ మొద్దు గడ్డపారతో కూర్చున్నవానికి ఆనాటి కూలి దక్కదు గదా! ఆ కూలీల సంతతివారు కొందఱు నేడు యంత్రపు పీఠము మీద కూర్చుండి మీటలు త్రిప్పుచున్నారు. గడ్డపార నిలిచినచో పోవునది ఒక్కని కూలి. యంత్రము నిలిచినచో పోవునది ఒక్కొక్కప్పుడు ఒక ఊరి పంట.

అది యెట్లో చూడుడు. తెలంగాణమున చెరువుల పూడిక తీయించుటకు 2015లో మిషన్ కాకతీయ అను పథకము ఆరంభమైనది. రాష్ట్రమునందలి 46 వేలకు పైగా చెరువులను అందుకై గుర్తించిరి. చెరువుగర్భము ఎండుట వేసవిలోనే గాని జరుగదు. మార్చి, ఏప్రిలు, మే నెలలు కలిసి సుమారు 90 దినములు. దినమునకు 10 గంటల వంతున యంత్రము 900 గంటలు పనిచేయును. 250 గంటల కొకసారి దాని యింజను నూనెను మార్చవలెననుకొందము. అనగా ఆ వేసవిలో మూడు సర్వీసులు. ఒక్కొక్కదానికి అర దినము పోయినను, 90 దినములలో మనము విడుచుకొన్నది ఒకటిన్నర దినము మాత్రమే. ఆ ఒకటిన్నర దినమును కూడ లాభమునకు చేర్చుకొనవలెనని ఆశపడి సర్వీసు మానివేసినచో ఏమగును? మే నెల నడుమ ఇంజను పట్టివేయును. భాగములు పట్టణమునుండి రావలెను, మెకానిక్కు రావలెను, ఇంజను దింపవలెను. ఇంతలో మృగశిర కార్తె ప్రవేశించి వాన కురియును. పూడిక మిగిలిన మేరకు ఆ యేడు చెరువులో నీరు తక్కువ. మరల త్రవ్వుటకు తర్వాతి వేసవి వఱకు ఆగవలెను.

లారీ సర్వీసును కిలోమీటర్లతో లెక్కింతురు. త్రవ్వు యంత్రమును గంటలతో లెక్కింతురు. నిలిచిన చోటనే దినమంతయు పనిచేయు యంత్రమునకు కిలోమీటర్లతో పనిలేదు. అందువలన దానికి గంటల మీటరు అమర్చియుందురు. ఇంజను తిరుగుచున్నంతసేపు అది లెక్క వేయును. ప్రతి యంత్రముతో పాటు వచ్చు పుస్తకములో ఏ గంటకు ఏ పని చేయవలెనో వ్రాసియుండును. 10 గంటలకు, అనగా ప్రతిదినము చేయవలసినవి కొన్ని. 50, 250, 500, 1000, 2000 గంటలకు చేయవలసినవి కొన్ని. యంత్రమును బట్టి, నూనెను బట్టి ఈ అంకెలు మాఱును. తక్కువ గంటల పని సులభము. ఎక్కువ గంటల పని పెద్దది. ఒక్కటి మాత్రము గమనింపుడు: పెద్ద పనులు చిన్న పనులకు బదులు కావు. 2000 గంటల నాడు హైడ్రాలిక్ నూనెనంతయు మార్చినవాడు కూడ మఱునాటి ఉదయము ఇంజను నూనె కొలపుల్లను తీసి చూడవలసినదే.

ఆ ఉదయపు పని అర గంటకు మించదు. యంత్రమును సమతలముపై నిలిపి, ఇంజను చల్లగానున్నపుడే నూనె మట్టమును, రేడియేటరు నీటిని చూతురు. డీజిలు తొట్టి అడుగున చేరిన నీటిని విడుతురు. పట్టాల బిగువును చూతురు. కీళ్లకు గ్రీజు ఎక్కింతురు. పాత గ్రీజు మురికితో వెలికి వచ్చినదనగా క్రొత్తది లోపల నిండినదని గుర్తు. పిదప ఒకసారి యంత్రము చుట్టు నడచి నేలమీద నూనె చుక్కలున్నవేమో చూతురు. నేను చూచిన పనిమంతులలో ఈ ప్రదక్షిణమును మానినవాడు లేడు. సాయంకాలము పని ముగిసిన వెంటనే డీజిలు తొట్టిని నిండుగా నింపుటయు మంచి అలవాటు. సగము ఖాళీగానున్న తొట్టిలోని గాలి తేమ రాత్రి చల్లబడి నీటిబొట్లుగా మాఱి డీజిలులో కలియును.

మన ప్రాంతమున యంత్రమునకు పెద్ద శత్రువు ధూళి. మన నేల నల్లరాయి, పలుగురాయి అరిగి ఏర్పడినది. దాని దుమ్ములో ఇసుక పాలు ఎక్కువ. ఇంజను ప్రతి నిమిషము విశేషముగా గాలిని పీల్చును. ఆ గాలిని వడకట్టు జల్లెడ చినిగినచో ఇసుక సిలిండరులో చేరి, ఆకురాయి పెట్టి రాచినట్లు దానిని అరుగదీయును. అట్లని ప్రతిగంటకు జల్లెడను ఊడదీసి దులుపుటయు తగదు. ఊడదీసిన ప్రతిసారి కొంత దుమ్ము లోపలికి జాఱును. జల్లెడ మూసికొనిపోయినదని తెలుపు గుర్తు యంత్రముమీదనే యుండును; దానిని చూచి చేయవలెను.

వైద్యుడు నెత్తురు పరీక్షించి రోగమును కనుగొన్నట్లు, యంత్రపు నూనెను ప్రయోగశాలకు పంపి లోపలి సంగతి తెలిసికొనవచ్చును. ఇనుపపాలు పెరిగినచో సిలిండరు వంటి ఉక్కు భాగము అరుగుచున్నదనియు, రాగిపాలు పెరిగినచో బేరింగులు అరుగుచున్నవనియు, సిలికాను పెరిగినచో ధూళి చొరబడుచున్నదనియు ఊహింతురు. ప్రయోగశాల లేనిచోట కన్నే ప్రయోగశాల. నూనె పాలవలె తెల్లబడినచో నీరు కలిసినదని తెలియును. నల్లబడినంత మాత్రమున చెడినదని కాదు. మసిని తనలో కలుపుకొనుట కూడ ఇంజను నూనె పనియే.

సంరక్షణ ఎంత ఎక్కువైన అంత మేలని అనుకొనరాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు తీరరక్షక విమానదళములో వాడింగ్టన్ అను జీవశాస్త్రజ్ఞుడు విమానముల మరమ్మతు లెక్కలను పరిశీలించెను. 50 గంటల కొకసారి జరుగు తనిఖీ తర్వాత లోపములు తగ్గుటకు బదులు హెచ్చుచున్నట్లును, గంటలు గడచిన కొలది అవి తగ్గుచున్నట్లును ఆయనకు కనబడెను. బాగుగా నడచుచున్నదానిని విప్పి బిగించుటలోనే క్రొత్త లోపములు పుట్టుచుండెను. తనిఖీల నడిమి గడువును పెంచి, అనవసరపు పనులను తగ్గింపగా విమానములు ఎగురు గంటలు పెరిగినవి. కావున గంటల పట్టికను తయారుచేయువారు లెక్కలు వ్రాసి, చూచి, మార్చుకొనవలెను. తోచినపుడెల్ల విప్పువాడును, ఎన్నడును విప్పనివాడును ఒకే తప్పు చేయుచున్నారని నా అభిప్రాయము. ఇద్దఱికిని లెక్క లేదు.

చెరువులోని యంత్రము చెడినచో దానిని గట్టుకైన లాగవచ్చును. కొండ గర్భములో చెడినచో ఎచ్చటికి లాగుదురు? శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము అట్టిది. జలాశయపు అంచున దోమలపెంట కడ మొదలై నల్లమల కొండల క్రిందుగా మన్నెవారిపల్లె వైపు సాగు ఈ సొరంగపు పొడవు సుమారు 44 కిలోమీటర్లు. నల్లగొండ జిల్లాలో 3 లక్షల ఎకరములకు సాగునీరును, ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన గ్రామములకు త్రాగునీరును ఇచ్చుట దాని ఉద్దేశము. పైన పులుల అభయారణ్యము ఉండుటచే నడుమ ఎక్కడను బిలము దింప వీలులేదు. కావున సుమారు 10 మీటర్ల వ్యాసము గల రెండు సొరంగ యంత్రములతో రెండు కొనలనుండి తొలువ నారంభించిరి.

ఇట్టి యంత్రపు ముఖముపై ఉక్కు బిళ్లలు వరుసలుగా అమర్చబడి యుండును. ముఖము తిరుగుచు రాతిని నొక్కగా రాయి పెళ్లలుగా లేచును. నల్లమలలోని క్వార్ట్‌జైట్ వంటి కఠినశిలలో ఆ బిళ్లలు త్వరగా అరుగును. అందుచే ప్రతిదినము కొన్ని గంటలు యంత్రమును తామే ఆపుదురు. విద్యుత్తును తీసి, మరల ఎవ్వరును పెట్టకుండ తాళము వేసి, తాళపుచెవిని లోపలికి పోవువాని చేతికే యిత్తురు. అతడు దీపముతో ముఖములోనికి దూఱి, కొలబద్దతో ఒక్కొక్క బిళ్లను కొలిచి, అరిగినదానిని మార్పించును. ముఖమును మోయు మహా బేరింగు నూనెను అంతకంటె శ్రద్ధగా చూతురు. ఏలయనగా యంత్రము వెనుక వేసికొనుచు వచ్చిన కాంక్రీటు గోడ దాని శరీరముకంటె ఇఱుకు. వెనుకకు తిరిగి వచ్చు దారి దానికి లేదు.

సంరక్షణకు లొంగని ఆపదలును గలవు. 2009 నాటి కృష్ణవరదలలో శ్రీశైలము వైపు యంత్రము నీట మునిగినది. 2025 ఫిబ్రవరి 22వ తేదీన అదే వైపున సొరంగపు పైకప్పు కూలి, లోపల చిక్కుకొన్న ఎనిమిదిమంది తిరిగి రాలేదు. అది కొండ తెచ్చిన విపత్తు. గ్రీజుతోను, గంటల పట్టికతోను దానిని ఆపజాలము. దానికి భూగర్భ పరిశోధన వేఱు, ముందుచూపు వేఱు. యంత్రము తనంతట తాను అరిగి తెచ్చు కీడును మాత్రమే మనము ముందుగా తప్పింపగలము.

ఇక పనిముట్ల పెట్టెలో నుండవలసిన పుస్తకమును గూర్చి. నూనె మార్చిన గంట, వాడిన నూనె పేరు, కనబడిన లోపము, చేసినవాని సంతకము అందులో వ్రాయవలెను. పగటివాడు దిగి రాత్రివాడు ఎక్కునపుడు, "ఎడమ పట్టా కొంచెము వదులుగానున్నది" అని నోటితో చెప్పిన మాట గాలికి పోవచ్చును. వ్రాసిన మాట పోదు. యంత్రమును అమ్మునపుడు కూడ తెలివిగల కొనుగోలుదారు రంగును చూడడు, ఈ పుస్తకమును అడుగును.

తీసివేసిన పాత నూనెను చెరువుకట్ట ప్రక్కన పాఱబోయువారు ఇప్పటికిని ఉన్నారు. అది వానకు కొట్టుకొనిపోయి, ఏ నీటికొఱకు త్రవ్వితిమో ఆ నీటిమీదనే తెట్టుగా తేలును. నూనె మార్చుటకు యంత్రమును చెరువుగర్భమునుండి వెలుపలి గట్టినేలకు తెచ్చి, క్రింద రేకు తొట్టి నుంచి మఱ విప్పుదురు. నిండిన తొట్టిని పీపాలో వంచి, మూత బిగించి, పాత నూనెను శుద్ధిచేయుటకు అనుమతి గలవారికి అప్పగింతురు.