తన నొప్పి, పరుల నొప్పి

నొప్పి నెరిగినవానికే పరుల నొప్పి తెలియునని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట పూర్తిగా నిజమా యని నాకు సందేహము కలిగినది. అందుకు కారణము నేనే.

నాకు పదకొండేండ్లుగా నడుము నొప్పి. కావేరిపట్టణములోని మా బట్టల అంగడిలో ఉదయము మొదలు రాత్రి వరకు గద్దె మీద కూర్చుండు వృత్తి నాది. మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి యందురు. గాయము మానినను, ఎక్సురే చిత్రములో ఏమియు కనబడకున్నను అది ఉండవచ్చును. మొన్నటి పెండ్లిండ్ల కాలములో, ఇరువదేండ్లుగా మా వద్దనున్న పనివాడు "సేటూ, మోకాలు పట్టుకొన్నది, ఈ మూటలు రేపు మేడ మీదికి చేర్చుదును" అనెను. "నా నడుమును ఎవరు చూచిరి?" అని కసరితిని. అతడు మారుమాటాడక మూటలెత్తెను. రాత్రి మెట్లు దిగుచు, గోడ పట్టుకొని, మెట్టు మెట్టుకు ఆగుచుండగా చూచితిని. ఆ నడక నాకు తెలిసినదే. పడక నుండి లేచునపుడు నాదియు అదే నడక.

తెలిసియుండి ఏల కసరితిని? ఈ విషయమై శాస్త్రజ్ఞులేమి చెప్పిరో మా అబ్బాయి సాయముతో కొంత చదివితిని.

2004లో లండనులో టానియా సింగర్ అను ఆమె బృందము 16 జంటలను పరీక్షించినది. భార్యకు నొప్పి కలిగించినపుడు ఆమె మెదడులో మేల్కొను భాగములలో కొన్ని, ప్రక్కనున్న ప్రియునికి నొప్పి కలిగినదని తెలిసినపుడును మేల్కొనెను. 2006లో ఫ్రెంచి వైద్యుడు నికోలా డాంజిగర్, అతని సహచరులు పుట్టుకతోనే నొప్పి యెరుగని పండ్రెండుమందిని పరీక్షించిరి. ముఖము, కేక లేక దెబ్బను మాత్రమే చూపగా వారు ఇతరులకంటె నొప్పిని తక్కువగా అంచనా వేసిరి. కాని బాధపడు ముఖము చూపినపుడు ఇంచుమించు అందరివలెనే గుర్తించిరి. వారిలోను సహజముగా జాలిగుండె గలవారి అంచనా మేలుగా నుండెను. కావున సొంత నొప్పి ఒక ద్వారమే గాని ఏకైక ద్వారము కాదు.

మరి నొప్పితోనే బ్రతుకువారి సంగతి? ఇందు అధ్యయనములన్నియు ఏకకంఠముగా లేవు. కొందరు రోగులు పరుల బాధకు మిక్కిలి చలింతురనియు, కొందరు దూరమగుదురనియు చెప్పుచున్నవి. నాకు తోడ్పడినది అమెరికా మనోశాస్త్రజ్ఞుడు మార్క్ డేవిస్ చేసిన విభజన. 1980లో అతడు 28 వాక్యముల పరీక్ష నొకటి కూర్చి, ఎదుటివాని మీది శ్రద్ధ వేరు, వాని బాధ చూచి తనలో పుట్టు కలవరము వేరు అని రెంటిని విడదీసెను. కలవరపడినవాడు సాయము చేయవచ్చును, లేదా కన్ను మూసికొని పారిపోవచ్చును. నేను చేసినది ఈ రెండవది.

ఇది మనకు క్రొత్త మాట కాదు. సమ్యక్త్వ లక్షణములలో అనుకంప యొకటి. అనగా ఎదుటివానితో పాటు కంపించుట. ఆర్తధ్యానములు నాలుగింటిలో నొకటి, వేదన ఎప్పుడు పోవునా యని దానినే తలపోయుట. అందు చిక్కినవాని మనస్సులో రెండవవానికి కూర్చుండ చోటుండదు. అట్టివాని హృదయము రాయి యైనదని ఇంటివారు తీర్పు చెప్పరాదు. నా భార్య చాల కాలము అట్లే అనుకొన్నది. వాని గుండెలో స్థలము లేదు, అంతే. వేడినీళ్ళ సంచి, కొంత నడక, ఒక రాత్రి నిద్ర, వీనితో ఆ స్థలము కొంత తిరిగి వచ్చును. నాకు వచ్చినది గనుక చెప్పుచున్నాను.

మరునాడు పనివానిని గద్దె ప్రక్కన స్టూలు మీద కూర్చుండబెట్టి, "ఏ వేళ ఎక్కువ బాధించును?" అని అడిగితిని. అతడు సంకోచించి, "తెల్లవారుజామున, సేటూ. కాలు క్రింద పెట్టగానే" అనెను.

"నాకును అప్పుడే" అంటిని.