విత్తనము మీద హక్కు : అమెరికా తీర్పును మన చట్టమును

కొన్న విత్తనమును పండించి, ఆ పంటలో కొంత మరల విత్తనమునకు దాచుకొనుటకు మనకు హక్కు గలదా యని సంఘ సభ్యులు పలువురు అడుగుచున్నారు. ఈ ప్రశ్నయే అమెరికా దేశమున ఒక వృద్ధ కర్షకుని అత్యున్నత న్యాయస్థానము వరకు నడిపించినది. ఆ తీర్పును సగము విని భయపడువారు మనలో గలరు గావున, వ్యాజ్యమును మొదటినుండి తెలిసికొని పిదప మన చట్టమును చూతము.

ముందుగా పేటెంటనగా నేమో తెలియవలెను. క్రొత్త వస్తువును కనిపెట్టినవాడు దాని మర్మమును ప్రభుత్వమునకు వెల్లడించినచో, దరఖాస్తు నాటినుండి సాధారణముగా 20 సంవత్సరములు ఇతరులు తన యనుమతి లేక దానిని చేయకుండను, అమ్మకుండను ఆపు హక్కు అతనికి లభించును. అయితే అతడొక వస్తువును అమ్మినంతనే, ఆ వస్తువు మీద అతని హక్కు తీరిపోవును. నాగలిని వెలయిచ్చి కొన్నవాడు దానితో దున్నుకొనవచ్చును, పొరుగువానికి అమ్ముకొనవచ్చును. దానిని చూచి అట్టిదే మరియొకటి చేయించుకొనరాదు. నాగలి నాగలిని కనదు గనుక ఇందు చిక్కు లేదు. విత్తనమో, భూమిలో పడినచో తనవంటివానిని పదులకొలది పుట్టించును. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

ఇండియానా రాష్ట్రమున వెర్నన్ హ్యూ బోమన్ అను రైతు సోయా చిక్కుడు పండించుచుండెను. గ్లైఫోసేట్ అను కలుపుమందు చల్లినను చావని సోయాకు మోన్‌శాంటో కంపెనీ పేటెంటు పొందియుండెను. (ఈ కంపెనీ 2018లో బేయరు కంపెనీ పాలైనది.) ఆ విత్తనము కొను రైతు, ఒక్క పంటకే విత్తుదుననియు, పండిన గింజను మరల విత్తననియు ఒడంబడిక వ్రాసి యీయవలెను. బోమన్ మొదటి పంటకు ఆ విత్తనమునే కొనుచు, ఒడంబడికను మన్నించుచుండెను. రెండవ పంట ఆలస్యపు పంట, రాబడి నమ్మరానిది. దాని కంత వెల పెట్టనొల్లక, 1999 మొదలుకొని, తిండికిని పశువుల మేతకును గింజలమ్ము ధాన్యపు గిడ్డంగికి పోయి చౌకగా కొనెను. చుట్టుపట్ల రైతులు పెక్కుమంది ఆ రకమునే వేయుచున్నందున, గిడ్డంగి గింజలోను అధికభాగము అదియే యగునని అతని యూహ. విత్తి, మొలచిన పిదప మందు చల్లెను. చచ్చినవి చావగా, నిలిచిన మొక్కలనుండి విత్తనము దాచెను. ఇట్లు ఎనిమిది పంటలు తీసెను.

కంపెనీ దావా వేసెను. 2009లో ఇండియానాలోని ఫెడరల్ జిల్లా న్యాయస్థానము 84,456 డాలర్లు చెల్లింపుమనెను. పేటెంటు అప్పీళ్లను వినుటకై వాషింగ్టను నగరమున నున్న ఫెడరల్ సర్క్యూట్ న్యాయస్థానము 2011లో దానిని ఖాయపరచెను. 2013 మే 13వ తేదీన అత్యున్నత న్యాయస్థానపు న్యాయమూర్తులు తొమ్మండుగురును ఏకాభిప్రాయముతో కంపెనీ పక్షముననే తీర్పు చెప్పిరి. దానిని వ్రాసినవారు న్యాయమూర్తి ఎలీనా కేగన్. అప్పటికి బోమన్ వయస్సు 75 సంవత్సరములు.

గిడ్డంగిలో అమ్ముడుపోయిన గింజ మీద కంపెనీకి హక్కు తీరినదనియు, మొలచి పెరుగుట గింజ స్వభావమే గాని తన చేత గాదనియు బోమన్ వాదించెను. న్యాయస్థానము ఒప్పుకొనలేదు. ఆ గింజను తినవచ్చును, పశువులకు పెట్టవచ్చును, తిరిగి అమ్మవచ్చును. విత్తి క్రొత్త గింజలు తీయుట మాత్రము పేటెంటు గల వస్తువును క్రొత్తగా చేయుటయే యనెను. విత్తినవాడును, మందు చల్లినవాడును, కోసి దాచినవాడును బోమనే గదా యనెను. అయితే తనంతట తాను పెరుగు ప్రతి వస్తువునకును ఈ తీర్పు వర్తించునని తాము చెప్పుట లేదనియు స్పష్టపరచెను.

అక్కడి చట్టమును చదివినచో తీర్పు తప్పని చెప్పజాలను. అయినను ఒక గింజ నూరంతలుగా ఫలించుటను వస్తువును చేయుట యని పిలుచుట విత్తువానికి వింతగానే తోచును. వానకును ఎండకును ఇందు పాలే లేనట్లు!

ఆ తీర్పు మన దేశమున చెల్లదు. మన పేటెంటు చట్టము 3వ సెక్షను, జె ఖండము ప్రకారము విత్తనములకును, మొక్కల రకములకును పేటెంటు లేదు. విత్తనములో చొప్పించిన జన్యువు మాటయో? హైదరాబాదులోని నూజివీడు సీడ్సు వారికిని మోన్‌శాంటోకును బి.టి. ప్రత్తిని గూర్చి జరిగిన వ్యాజ్యములో 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ పేటెంటు చెల్లదనెను. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, పూర్తి విచారణకై తిరిగి పంపెను. 2021లో ఉభయులును రాజీపడిరి గావున ఆ ప్రశ్న తేలకయే నిలిచినది.

మనకు ముఖ్యమైనది 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము. దాని 39వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింద రిజిష్టరైన రకమునైనను రైతు తన పంటనుండి విత్తనము దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మవచ్చును. ఒక్కటే నిషేధము: సంచిలో కట్టి, ఇది ఫలాని రిజిష్టరైన రకమని చీటీ యంటించి అమ్మరాదు. పొరుగు రైతునకు వరి విత్తనము నాగునకిచ్చుట, శనగలకు వేరుశనగలు మార్చుకొనుట నేరములు కావు. అట్టి హక్కొకటి గలదని తెలియక మీరిన రైతును ఆ చట్టము 42వ సెక్షను కాపాడును.

చట్టము ఒప్పుకొన్నను చేను ఒప్పుకొననిది సంకర విత్తనము. ప్రత్తి, మొక్కజొన్న సంకరముల గింజను దాచి విత్తినచో మొక్కలు ఏకరీతిగా రావు, దిగుబడి పడిపోవును. దాచదగినవి వరి, శనగ, వేరుశనగ మొదలగు సూటి రకములు.

కొనుగోలు చేసిన రిజిష్టరైన విత్తనము, అమ్మినవారు చెప్పిన షరతుల ప్రకారము వేసినను చెప్పిన ఫలితము నీయనిచో, అదే 39వ సెక్షను క్రింద పరిహారము కోరవచ్చును. ఇందుకు రసీదును, సంచి మీది చీటీని పంట యింటికి వచ్చువరకు దాచియుంచవలెను. సంచిని చించునపుడు చీటీ యున్న వైపు విడిచి, రెండవ కొన విప్పుడు.