పాత కారుకు కొత్త ఊపిరి

కారు నడిపేవారు యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజనులోకి ఏం వెళుతుంది? "పెట్రోలు" అని ఎవరైనా ఠక్కున చెబుతారు. కానీ పెట్రోలు ఇంజనులో ఆ పెడలు తెరిచేది గాలి దారిని. గాలి వచ్చే గొట్టంలో గుండ్రని రేకు ఒకటి అడ్డంగా ఉంటుంది. దాన్నే థ్రాటిల్ అంటారు. పెడలు తొక్కితే రేకు తిరిగి గాలికి దారి ఇస్తుంది. ఆ గాలికి తగిన పెట్రోలు కలపడం వేరే సాధనం పని. ఆ సాధనం లెక్క తప్పితే ఇంజను పాడైపోవచ్చు కూడా. అదెలాగో ఒక పాత పందెపు జాతి కారు ఉదాహరణగా తెలుసుకుందాం.

ముందుగా ఒక సంఖ్య గుర్తుంచుకోండి. 1 గ్రాము పెట్రోలు సరిగ్గా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పెట్రోలు ఇంతకన్నా ఎక్కువైతే చిక్కని మిశ్రమం, తక్కువైతే పల్చని మిశ్రమం అందాం. ఇంజను తన పూర్తి బలం చూపాలంటే కాస్త చిక్కని మిశ్రమం, అంటే గ్రాముకు 12.5 గ్రాముల గాలి ఉన్నది, మంచిది.

పూర్వం ఈ కలిపే పనిని కార్బురేటరు చేసేది. గాలి సన్నని మెడ గుండా వేగంగా పోతున్నప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదలకు పెట్రోలు దానంతటదే పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఎంతో తెలివైన ఏర్పాటే గాని, చలికీ ఎండకీ, కొండ మీదకీ పల్లానికీ తగినట్టు తన లెక్కను ఖచ్చితంగా మార్చుకోలేదు. అమెరికాలో 1970లో గాలి కాలుష్యంపై కఠినమైన చట్టం వచ్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. పొగను శుభ్రపరిచే ఉత్ప్రేరక పరికరాలు బాగా పనిచేయాలంటే మిశ్రమం ఎప్పుడూ 14.7 దగ్గరే ఉండాలి. అది కార్బురేటరు ఒక్కదానివల్ల అయ్యే పని కాదు.

ఇక మన కారు సంగతి. షెవ్రొలే సంస్థ 1953లో మొదలుపెట్టిన కార్వెట్ అనే ఇద్దరు కూర్చునే కారు అమెరికాలో పేరున్న వేగపు కారు. 1957 నుంచి 1965 దాకా దీనికి యాంత్రికంగా పెట్రోలు చిమ్మే ఏర్పాటు కూడా దొరికేది. తర్వాత మళ్లీ కార్బురేటర్లే. 1982లో పదిహేడేళ్ల విరామం తర్వాత కంప్యూటరు అదుపులో పెట్రోలు చిమ్మే పద్ధతి దీనికి వచ్చింది. దాని పేరు క్రాస్-ఫైర్ ఇంజెక్షన్.

ఇంజను 5.7 లీటర్లది. ఎనిమిది సిలిండర్లు నాలుగేసి చొప్పున రెండు వరసలుగా ఉంటాయి. పైన రెండు థ్రాటిల్ గొట్టాలు, ఒక్కో గొట్టం నోటి మీద ఒక్కో ఇంజెక్టరు. ఇంజెక్టరంటే విద్యుదయస్కాంతంతో తెరుచుకునే చిన్న కవాటం. కరెంటు పారినంతసేపూ తెరుచుకుని పెట్రోలును తుంపరలుగా చిమ్ముతుంది, కరెంటు ఆగగానే మూసుకుంటుంది. ఈ ఏర్పాటులో ఒక్కో థ్రాటిల్ గొట్టం తనకు ఎదుటి వైపున ఉన్న సిలిండర్ల వరసకు గాలి పంపుతుంది. దారులు అడ్డంగా దాటుకుంటాయి కనుకనే ఆ పేరు. 1982లో ఈ ఇంజను బలం 200 అశ్వశక్తి. 1983 మోడల్ అమ్మకానికి రాలేదు. 1984లో బలం 205. మరుసటి సంవత్సరం కంపెనీ ఈ పద్ధతినే వదిలి ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు అమర్చింది. అదే 5.7 లీటర్ల ఇంజను 230 అశ్వశక్తి ఇచ్చింది. కనుక క్రాస్-ఫైర్ కార్వెట్లు రెండే మోడల్ సంవత్సరాలవి. వాటిని ఇష్టంగా దాచుకున్నవారు, పాత ఏర్పాటును తీసెయ్యకుండానే దాని బలం పెంచాలని చూస్తుంటారు. బయటికి సులభంగా కనిపించే ఈ పనిలో చాలా చిక్కు ఉంది.

చిన్న లెక్క వేద్దాం. నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన నిండుగా గాలి పీలుస్తుంది. నిమిషానికి 4000 చుట్లు తిరిగితే 2000 సార్లు పీల్చినట్టు. 2000ను 5.7తో గుణిస్తే 11,400 లీటర్లు. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. దారిలోని అడ్డంకుల వల్ల సిలిండర్లు 80 శాతమే నిండుతాయనుకుంటే నిమిషానికి దాదాపు 11 కిలోల గాలి. గాలికి బరువేముంటుంది అనేవారికి ఈ లెక్క చూపించండి! దీన్ని 12.5తో భాగిస్తే సుమారు 880 గ్రాముల పెట్రోలు, అంటే నిమిషానికి లీటరుంబావుకు కాస్త తక్కువ. రెండు ఇంజెక్టర్లు దాన్ని చెరిసగం పంచుకోవాలి.

వాటికి ఉన్న వ్యవధి ఎంతో తెలుసా? ఎనిమిది సిలిండర్ల ఇంజనులో చుట్టుకు నాలుగు నిప్పురవ్వలు. 4000 చుట్లకు 16,000. ఇంజెక్టర్లు వంతులవారీగా చిమ్ముతాయి కనుక ఒక్కోదానికి నిమిషానికి 8,000 సార్లు. అంటే ఒక్కో చిమ్ముడుకు 7.5 మిల్లీసెకన్లు. తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ పట్టే కాలం కూడా అందులోనే! గాలి పెరిగిన కొద్దీ కంప్యూటరు ఇంకొంచెం సేపు తెరవమంటుంది. చివరకు మూసుకునే తీరికే లేని స్థితి వస్తుంది. ఆ పైన ఎంత అడిగినా పెట్రోలు పెరగదు.

అప్పుడు పీడనం పెంచుతారు. ఈ కారులో ఇంజెక్టరుకు అందే పీడనం చదరపు అంగుళానికి సుమారు 10 పౌండ్లు. పీడనం రెట్టింపు చేస్తే పెట్రోలు కూడా రెట్టింపు అవుతుందా? కాదు. రంధ్రం గుండా పారే ద్రవం పీడనానికి వర్గమూలంగా పెరుగుతుంది. కాబట్టి రెట్టింపు పీడనానికి 1.41 రెట్లే పెట్రోలు. 20 శాతం ఎక్కువ కావాలంటే పీడనం 1.44 రెట్లు కావాలి, అంటే 14.4 పౌండ్లు. పైగా పీడనం పెరిగితే ట్యాంకులోని పంపు తోడే పరిమాణం తగ్గుతుంది. పాత రబ్బరు గొట్టాలు ఒత్తిడికి తట్టుకోలేక పగిలితే వేడి ఇంజను మీద పెట్రోలు చిమ్ముతుంది. అందుకే పని తెలిసినవారు పంపునూ గొట్టాలనూ ముందు మారుస్తారు.

ఇక గాలి దారి. థ్రాటిల్ గొట్టాన్ని కోరి 50 మిల్లీమీటర్ల వ్యాసాన్ని 55 చేశారనుకోండి. వైశాల్యం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కనుక 21 శాతం పెద్దదవుతుంది. బలం కూడా 21 శాతం పెరుగుతుందా? చెరువు తూము వెడల్పు చేసి పొలం కాలవను అలాగే వదిలేస్తే మడికి నీళ్లు ఎక్కువ పారతాయా? క్రాస్-ఫైర్‌లో అసలు ఇరుకు థ్రాటిల్ దగ్గర లేదు. గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డు దారులు మరీ సన్నవి. నన్నడిగితే డబ్బు ముందుగా పెట్టాల్సింది అక్కడే. లోహాన్ని కోరి ఆ దారులను వెడల్పు చేస్తారు. కానీ మెరిసే పెద్ద థ్రాటిల్ కొని బిగించడం తేలిక కనుక చాలామంది అక్కడే మొదలుపెడతారు!

సరే, గాలి పెరిగింది, పెట్రోలు ఇవ్వగల శక్తీ పెరిగింది. ఇప్పుడు కంప్యూటరు మాట. ఈ కారులోని కంప్యూటరు లోపలికి వచ్చిన గాలిని తూచదు. మానిఫోల్డులో పీడనం ఎంత, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నవి మాత్రం చూసి, "ఈ పీడనానికి, ఈ వేగానికి ఇంత గాలి వచ్చి ఉండాలి" అని తన జ్ఞాపకంలోని పట్టికలో వెతుక్కుంటుంది. ఆ పట్టిక ఫ్యాక్టరీలో పాత ఇంజనుకు తయారుచేసినది. మీరు దారులు వెడల్పు చేశారని దానికి ఎవరు చెప్పారు? నిండా గాలి వస్తున్నా అది పాత లెక్క ప్రకారమే పెట్రోలు ఇస్తుంది. మిశ్రమం పల్చబడుతుంది.

పొగ గొట్టంలోని ఆక్సిజన్ గ్రాహకం తప్పు పట్టుకోదా అని మీరడగవచ్చు. మామూలుగా నడిచేటప్పుడు పట్టుకుంటుంది. పెడలు పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం కంప్యూటరు ఆ గ్రాహకం మాట వినదు. అది 14.7కు అటా ఇటా అని మాత్రమే చెప్పగలదు, 12.5 దగ్గర దానికి చూపు ఆనదు. కాబట్టి ఇంజను మీద భారం అత్యధికంగా ఉన్న క్షణంలోనే పట్టిక ఒక్కటే దిక్కు.

ఆ క్షణంలో మిశ్రమం పల్చగా ఉంటే ఏమవుతుంది? పూర్తి భారంలో అదనపు పెట్రోలు ఆవిరవుతూ సిలిండరును కొంత చల్లబరుస్తుంది. అది లేకపోతే వేడి పెరుగుతుంది. మంట ఇంకా చేరని మూలలోని మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. పీడన తరంగాలు లోహాన్ని సుత్తితో కొట్టినట్టు కొడతాయి. ఠకఠకమనే చప్పుడు వినిపిస్తుంది. పిస్టను అల్యూమినియం మిశ్రలోహం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్దే కరుగుతుంది. ఈ స్థితి కొనసాగితే పిస్టను తలకు చిల్లు పడవచ్చు. భయపడి మరీ చిక్కగా పెడితే మరో నష్టం: మండని పెట్రోలు సిలిండరు గోడ మీది నూనె పొరను కడిగేస్తుంది, ఉత్ప్రేరక పరికరాన్ని అతిగా వేడెక్కించి చెడగొడుతుంది.

అందువల్ల మానిఫోల్డు, పెట్రోలు పీడనం సరిచేశాక జ్ఞాపకపు చిప్‌లో కొత్త పట్టిక రాయించాలి. నిప్పురవ్వ పుట్టే సమయాన్నీ అందులోనే సవరిస్తారు. కారును రోలర్ల మీద నడిపించి, పల్చన చిక్కదనాలను అంకెల్లో చెప్పగల మెరుగైన ఆక్సిజన్ గ్రాహకం చూస్తూ గడి గడినీ సరిచేస్తారు. ఇప్పుడు ఇలాంటి గ్రాహకం సహాయంతో పట్టికను తామే దిద్దుకునే థ్రాటిల్ ఇంజెక్షన్ సామగ్రి కూడా దొరుకుతోంది. అయితే ముందుగా పట్టిక పొందుపరచుకోవడానికి వాటికీ కొంతసేపు నెమ్మదిగా నడవాలి. బిగించిన వెంటనే పెడలు అణగదొక్కకూడదు.

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో దాదాపు అన్నిటికీ ఇంజెక్టరు వచ్చింది. 100 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతూ నిండుగా గాలి పీలుస్తోందనుకోండి. మిశ్రమం 14.7, లీటరు పెట్రోలు బరువు 740 గ్రాములు. దాని ఇంజెక్టరు నిమిషానికి ఎంత పెట్రోలు చిమ్మాలో మీరే లెక్కకట్టండి. 33 మిల్లీలీటర్ల దగ్గర రావాలి.