మేనమామ ఇంటిపేరు

తెనాలి

శ్రావ్యా,

లేదమ్మా, నీ ఫోనులోకి ఎవరూ చొరబడలేదు. నిన్న రాత్రి నువ్వు ఏడుపు గొంతుతో "ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, ఏ లింకూ నొక్కలేదు, మరి వాడికి ఇవన్నీ ఎలా తెలిశాయి మామయ్యా, ఇందులో నా తప్పేంటి" అని అడిగితే నాకు వెంటనే జవాబు తోచలేదు. పొద్దున కాఫీ తాగి, నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి, కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. లెక్క తేలకపోతే మొదటి వోచరు నుంచి చూసుకుంటూ రావడం నాకు బ్యాంకులో అబ్బిన అలవాటు. మధ్యాహ్నం భోజనం వేళకి లెక్క తేలింది.

ఫోన్ చేసిన ఆ మోసగాడు మీ అమ్మతో ఏమన్నాడు? మీ అమ్మాయి శ్రావ్య, ఫలానా కాలేజీ, సెకండియర్ ఈసీఈ, హాస్టల్లో మూడో అంతస్తు, స్నేహితురాలి స్కూటీ మీద వస్తూ బీచ్ రోడ్డులో పడిపోయింది, ఆపరేషన్‌కి 40 వేలు కట్టాలి. ఇందులో అబద్ధం నువ్వు పడటం, ఆ ఆపరేషనూ. మిగిలిందంతా నిజం కాబట్టే చెల్లి నమ్మింది. మీ నాన్న హాస్టల్ వార్డెన్‌కి ఫోన్ చేయబట్టి సరిపోయింది కానీ, చెల్లి అప్పటికే యాప్ తెరిచి వాడిచ్చిన నంబరు కొడుతోందట.

కాలేజీ పేరు, బ్రాంచి, రోల్ నంబరు నువ్వు చేరిన రోజు మెడలో ఐడీ కార్డుతో దిగిన ఫోటోలో ఉన్నాయి. పెద్దది చేసి చూస్తే నా కళ్ళజోడుకే కనబడ్డాయి. మూడో అంతస్తు సంగతి వాన వీడియో కింద నువ్వే రాశావు. స్నేహితురాలి పేరు, స్కూటీ, బీచ్, అన్నీ ఆ సాయంత్రం స్టోరీలో ఉన్నాయి. దాన్ని హైలైట్లలో దాచావు కాబట్టి నేనూ చూడగలిగాను. మీరు ఇసుకలో ఉండగానే పెట్టారు. ఆ గంటలో అమ్మ ఫోన్ చేసినా నువ్వు తీయవని వాడికి తెలిసింది అక్కడే. ఇంటికొచ్చాక పెడితే ఫోటో అందం తగ్గుతుందా?

ఇవన్నీ దొరికాయి కానీ మీ అమ్మ నంబరు మాత్రం నీ పేజీలో ఎక్కడా లేదు. దానికోసమే ఎక్కువసేపు వెతికాను. చివరికి అది నా ఫేస్‌బుక్‌లో దొరికింది తల్లీ.

2019లో నీ ఓణీల ఫంక్షన్‌కి వేసిన ఆహ్వాన పత్రిక గుర్తుందా? అమెరికాలో ఉన్నవాళ్ళందరికీ విడివిడిగా పంపడం ఎందుకని దాన్ని ఫోటో తీసి అందరూ చూసేలా పెట్టాను. అందులో మీ అమ్మానాన్నల పేర్లు, ఇంటి నంబరుతో సహా చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు, పదమూడేళ్ళ నీ ఫోటో ఉన్నాయి. ఆరేళ్ళుగా అది అక్కడే ఉంది. పెట్టేముందు నిన్ను ఒక్క మాట అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. ఈ మధ్యాహ్నం తీసేశాను. కానీ ఈలోగా ఎవరెవరు దాచుకున్నారో ఎవరు చెప్పగలరు? నన్ను క్షమించమ్మా. ఊళ్ళో ఆడపిల్లల ఫ్లెక్సీలు సెంటర్లో కడుతుంటే పెద్దమనిషిలా విసుక్కునే నేను అదే పని ఫేస్‌బుక్‌లో చేశాను.

నాకు ఇంతగా బాధ కలగడానికి ఇంకో కారణం ఉంది. అది నీకెప్పుడూ చెప్పలేదు, మీ అమ్మకీ తెలియదు.

జాతీయ బ్యాంకులో చేరే ప్రతి ఉద్యోగీ పనిలో కూర్చోకముందే ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. దాన్ని మేం సీక్రసీ డిక్లరేషన్ అనేవాళ్ళం. ఖాతాదారుల వ్యవహారాలు బయటివాళ్ళకి చెప్పనని మాట ఇవ్వడం. 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టంలోనే ఆ నిబంధన ఉంది. నేనూ పెట్టాను. నాకప్పుడు అది సర్వీసు రిజిస్టరులోకి పోయే మరో కాగితం.

1989 ఏప్రిల్లో పల్నాడులో ఒక పల్లె బ్రాంచిలో ఉన్నాను. ఒక రైతు గుంటూరు యార్డులో మిర్చి అమ్ముకున్నాడు. ఆ ఏడు ధర బాగా పలికింది. డ్రాఫ్టు తెచ్చి ఖాతాలో వేసి, పాసుబుక్కులో అంకె పడేదాకా కౌంటరు దగ్గరే నిలబడ్డాడు. ఆ అంకె ఎంతో ఇప్పటికీ నీకు రాయను. ఆయన ముఖం చూస్తే నాకే సంతోషం వేసింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఎరువుల కొట్టాయన పక్కన కూర్చుంటే ఆ సంతోషంలోనే అన్నాను, "ఇవాళ ఫలానా ఆయన ముఖం వెలిగిపోతోందండీ, మిర్చి డబ్బు పడింది" అని. అంతే. ఎంతో చెప్పలేదు, లెడ్జరు చూపించలేదు.

ఎరువుల కొట్టాయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఇంట్లో అన్నాడు. ఆయన బావమరిది వడ్డీ వ్యాపారి. తెల్లారేసరికి ఆ వ్యాపారి ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని రైతు ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. పాత బాకీకి వడ్డీ మీద వడ్డీ కట్టి లెక్క చూపించాడు. రైతు ఆ డబ్బుతో బావి లోతు చేయించి, ఆయిల్ ఇంజను కొనుక్కుందామనుకున్నాడు. బాకీ మళ్ళీ పంటకి తీరుద్దామని ఆయన లెక్క. అవతలివాడికి తెలియకుండా ఉన్నంతకాలమే ఆ లెక్క ఆయన చేతిలో ఉంది.

డబ్బు తీసుకోవడానికి కౌంటరు దగ్గరికి వచ్చినప్పుడు నన్ను తిట్టలేదు. విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేసి, సిరా తుడుచుకుంటూ, "డబ్బు బ్యాంకులో ఉందనుకున్నాను బాబూ, నీ నోట్లో ఉందనుకోలేదు" అన్నాడు. తర్వాత ఏడాది ఆయన చేనికి నీళ్ళు చాలలేదు. నా మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ముప్పయ్యారేళ్ళయినా ఆ వేలి మీది సిరా నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

నువ్వు పోయిన వేసవిలో నాతో వాదించావు చూడూ, "దాచుకోవడానికి నా దగ్గర ఏముంది మామయ్యా, తప్పు చేసినవాళ్ళు భయపడాలి" అని. ఆ రైతు ఏం తప్పు చేశాడు? ఎండలో నిలబడి పండించిన మిర్చి అమ్ముకున్నాడు. ఆ సంగతి ఎవరికి ఎప్పుడు చెప్పాలో తేల్చుకునే హక్కు ఆయనది. నేను దాన్ని టీ నీళ్ళతో పాటు తాగేశాను. ఆ హక్కు కోసమే కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసిన పుట్టస్వామి గారు 86 ఏళ్ళ వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. ఆ వయసులో ఆయనకి మాత్రం దాచుకోవడానికి ఏముంది చెప్పు!

ఇక నువ్వన్న ఇంకో మాట, "చిన్న చిన్న వివరాలేగా" అన్నది. దీని మీద నిన్ను కాస్త కోప్పడాలి. అందులో నా వాటా కూడా ఉంది కాబట్టి మెల్లగానే కోప్పడతాను.

నీ పుట్టినరోజు పోస్టు కింద నేనేం రాశానో చూడు: "నా మేనకోడలికి పంతొమ్మిది నిండిన వేళ ఆశీస్సులు." ఆ ఒక్క వాక్యంలో నీ పుట్టిన తేదీ సంవత్సరంతో సహా బయటపడింది. పక్కనే నా పేరు, నా ఇంటిపేరు. మేనమామ ఇంటిపేరంటే మీ అమ్మ పుట్టింటి ఇంటిపేరు. బ్యాంకుల్లో ఖాతా తెరిచే ఫారంలో ఆ గడి ఎందుకుంటుందో నాకు బాగా తెలుసు, ఎన్ని వందల ఫారాలు నింపించానో. ఖాతాదారు నిజంగా ఆ మనిషేనా అని సందేహం వస్తే అడిగే ప్రశ్న అది. బయటివాడికి తెలియదన్న నమ్మకంతో పెట్టిన ప్రశ్న. ఇంగ్లీషువాళ్ళు అంకుల్ అనేస్తే ఏ వైపు చుట్టమో తేలదు. మన పిలుపులు అలా కాదు. పెదనాన్న, మేనత్త, పిన్ని, తోడల్లుడు అని మనం వరసగా వ్యాఖ్యలు రాస్తుంటే ఓపికగలవాడు మన వంశవృక్షం గీసుకోగలడు. వరస పెట్టి పిలవడం మానమని నేను చెప్పను, చెప్పలేను. పిలిచేది ఇంట్లోవాళ్ళు వినేచోట పిలుద్దాం అంటున్నాను.

ఇలాంటి చిన్న వివరాలతోనే 2008లో అమెరికాలో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌లోకి ఒక కాలేజీ కుర్రాడు దూరాడు. కంప్యూటరు విద్యలేవీ వాడలేదు. పాస్‌వర్డు మర్చిపోయానని నొక్కితే పుట్టిన తేదీ, పిన్‌కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారు అని అడిగింది. మూడూ నెట్‌లో వెతికి రాశాడు. భర్తతో పరిచయం హైస్కూల్లో అని అప్పటికే లోకమంతా చదివింది.

అంతకంటే నన్ను ఆలోచింపజేసింది లటాన్యా స్వీనీ చేసిన పని. 1997లో ఆవిడ ఎంఐటీలో విద్యార్థిని. మసాచుసెట్స్ రాష్ట్ర ఉద్యోగుల ఆస్పత్రి రికార్డులు పేర్లు తీసేసి పరిశోధకులకి ఇస్తున్నారు, పేర్లు లేవు కాబట్టి భయం లేదన్నారు. ఆవిడ 20 డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి పట్టణం ఓటర్ల జాబితా కొని, రెండూ పక్కపక్కన పెట్టి, ఆ రాష్ట్ర గవర్నర్ వైద్య రికార్డు ఏదో వేలుపెట్టి చూపించింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ తెలిస్తే అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఒక్కొక్కరిగా గుర్తుపట్టొచ్చని తర్వాత లెక్కగట్టింది. నీ పేజీలో ఆ మూడూ ఉన్నాయి, వాటితోపాటు మరో ముప్పై ఉన్నాయి.

నా మనసులో నిలిచిపోయిన అంకె ఇంకోటుంది. ఫేస్‌బుక్ వాడేవాళ్ళ వివరాలు ఒక యాప్ గుండా కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీకి చేరాయన్న గొడవ బయటపడ్డ 2018లో ఫేస్‌బుక్ తానే చెప్పింది. ఆ మనస్తత్వ పరీక్ష యాప్‌ను మన దేశంలో పెట్టుకున్నవాళ్ళు 335 మంది. వివరాలు పోయి ఉండొచ్చన్నవాళ్ళు 5,62,455 మంది. మిగిలిన ఐదు లక్షల అరవై రెండు వేల చిల్లర మందీ చేసిందల్లా ఆ 335 మందికి స్నేహితులుగా ఉండటం. ఆ వార్త చదివిన రోజు టీ కొట్టు గుర్తొచ్చింది. మరుసటి ఏడాదే నీ ఆహ్వాన పత్రిక పెట్టాను చూడు, తెలిసినదాన్ని చేతల్లోకి దింపుకోవడం అంత కష్టం.

చట్టం ఉంది కదా అంటావేమో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మంచిదే, కంపెనీల మెడకి పగ్గం వేయడానికి పనికొస్తుంది. కానీ మనంతట మనం బహిరంగంగా పెట్టుకున్న వివరాలకి అది వర్తించదని అందులోనే రాసి ఉంది. నీ ఐడీ కార్డు ఫోటోకి ఆ చట్టం అడ్డు నిలబడదు.

పాస్‌వర్డుల సంగతి నీకు చెప్పను, మీ నాన్నకి నేర్పింది నువ్వే. నువ్వు తేలిగ్గా తీసుకుంటున్నవాటి గురించే చెబుతాను. అడ్మిట్ కార్డులు, ర్యాంకు కార్డులు స్టేటస్‌లో పెట్టకు. వాటి మీద నీ ఫోటో పక్కనే నీ సంతకం ఉంటుంది, ఆ రెండూ కలిసి కనిపిస్తే ఎవరికి ఏ పనికొస్తాయో నా బ్యాంకు బుర్రకి వెంటనే తడుతుంది. ఇంటర్న్‌షిప్‌వాళ్ళు ఆధార్ అడిగితే మాస్క్‌డ్ ఆధార్ పంపు, అందులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. వాట్సాప్‌లో ఫోటోను డాక్యుమెంటుగా పంపితే, కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, అది ఏ చోట తీశావో ఆ వివరం కూడా ఫోటోతోపాటు పోతుంది. నీ స్టేటస్ ఎవరెవరు చూడొచ్చో ఒకసారి జాబితా తిరగేయి, నీ ఫోనులో ఆటో అతని నంబరు, పాత జిరాక్సు షాపు నంబరు కూడా ఉన్నాయి కదా.

స్నేహితురాలికి కూడా చెప్పు. ఆ అమ్మాయి పేరు కూడా వాడి నోట పలికింది. రేపు వాళ్ళమ్మకి ఫోను వెళ్ళొచ్చు.

అన్నిటికంటే ముందు ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకుందాం. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ అర్థంకాని మాట, ఎక్కడా రాయని మాట. ఆపద అని ఫోను వస్తే అమ్మ ముందు ఆ మాట అడగాలి. అది ఏ మాటో ఈ ఉత్తరంలో రాయను, మనిషి ఎదురుగా ఉన్నప్పుడు చెప్పుకోవాల్సింది. డబ్బు పోలేదు కాబట్టి సరే అని వదలొద్దు, 1930కి ఫోన్ చేసి ఆ నంబరు చెప్పమని మీ నాన్నతో అన్నాను. చెల్లి ఇంకా వణుకుతోంది, "కొద్దిలో మోసపోయేదాన్ని" అని తనని తనే తిట్టుకుంటోంది. ఇవాళ నాకంటే ముందు దానికి ఫోన్ చేయి. తిట్టినా వింటూ ఉండు.

పోయిన నెల నువ్వు వచ్చినప్పుడు మన పెరట్లో జామచెట్టు కింద తీసిన ఫోటో బాగా వచ్చింది. నువ్వు ఆ నవ్వు నీకు తెలియకుండా నవ్వావు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాను. మీ అత్తయ్య ఫేస్‌బుక్‌లో కూడా పెట్టమని అడుగుతోంది. అమ్మాయిని అడగాలి అన్నాను. పెట్టమంటావా, వద్దంటావా?

నీ
మామయ్య