స్ప్రేయర్ డ్రోన్‌లో చైనా అయస్కాంతం
(సందేహాలు - సమాధానాలు)

మిరపలో నల్ల తామరకు డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నాం. మోటారు కాలిపోతే చైనా నుంచే రావాలంటున్నాడు మెకానిక్కు. మనం చేసుకోలేమా?
- ఒక రైతు, ప్రత్తిపాడు

మీ మెకానిక్కు మాట నిజమే. ఆ మోటారు గిన్నె ఊడదీస్తే లోపలి అంచున వరసగా అతికించిన బిళ్లలు కనిపిస్తాయి. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి చేసిన అయస్కాంతాలవి. బరువులో సుమారు మూడోవంతు నియోడిమియం వంటి రేర్ ఎర్త్ లోహాలే. ప్రపంచంలో ఇలాంటి అయస్కాంతాలు నూటికి తొంభై దాకా చైనాలోనే తయారవుతున్నాయి. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం డిస్ప్రోషియం, టెర్బియం సహా 7 రేర్ ఎర్త్ లోహాల ఎగుమతికి లైసెన్సు మెలిక పెట్టేసరికి మన వాహన కంపెనీలు గిలగిలలాడాయి.

విశాఖ వైపు అచ్యుతాపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు 2023 మే నుంచి ఉంది. కానీ అక్కడ చేసేది సమేరియం-కోబాల్ట్ రకం, అదీ ఏటా 3,000 కిలోల స్థాయిలో. రక్షణ, అంతరిక్ష అవసరాలకు ఉద్దేశించింది, మీ డ్రోన్‌కు కాదు. మీకు కావలసిన రకం కోసం కేంద్రం 2025 నవంబరులో 7,280 కోట్ల పథకం ప్రకటించింది. లక్ష్యం ఏటా 6,000 టన్నులు. ఫ్యాక్టరీలు లేచేదాకా దిగుమతే గతి.

మా సూర్యలంక వైపు నల్ల ఇసుక ఉంది కదా, అది తవ్వుకుంటే సరిపోదా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, బాపట్ల

నల్లగా మెరిసేది ఎక్కువగా ఇల్మనైట్, మాగ్నటైట్ అమ్మా. రేర్ ఎర్త్‌లు ఉండేది మోనజైట్‌లో. అది తేనెరంగు సన్నటి గింజ, ఇసుకలో చాలా తక్కువ పాలు. అయినా ఖనిజానికి మనకు కరువు లేదు. దేశంలో సుమారు 1.3 కోట్ల టన్నుల మోనజైట్ ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్క. రాష్ట్రాల్లో పెద్ద వాటా ఆంధ్రదే.

చిక్కంతా తవ్విన తర్వాతే. మోనజైట్‌లో థోరియం ఉంటుంది కనుక అది అణుశక్తి శాఖ చేతిలోని సరుకు. థోరియం తీసేశాక మిగిలిన లోహాల గుణాలు దాదాపు ఒకటే. వాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయాలంటే ద్రావకాల్లో వందల దశలు నడపాలి. ఆపైన లోహం, మిశ్రమం, అయస్కాంతం. ఈ మెట్లు కట్టుకోకే ఇన్నాళ్లూ మన నియోడిమియంలో కొంత జపాన్‌కు అమ్మి, అయస్కాంతాలు మాత్రం బయట కొన్నాం. పత్తి అమ్మి చీర కొనుక్కునే బేరం! పైగా వేడికి ఓర్చే అయస్కాంతాలకు కావలసిన డిస్ప్రోషియం మన మోనజైట్‌లో బహు స్వల్పం.

ఇంకో మాట. బాపట్ల, చీరాల తీరంలో దొరువుల్లో ఊరే మంచినీళ్లు ఆ ఇసుక దిబ్బలు పట్టి ఉంచినవే. వాన నీరు ఉప్పునీటి మీద పలచగా తేలుతూ నిలుస్తుంది. దిబ్బ పోతే ఆ నీరూ పోతుంది. అందుకే ముందు ఫ్యాక్టరీలు, తర్వాతే కొత్త తవ్వకాలు అంటాను.

పాడైన మోటార్లు పాత ఇనుములో వేసేయవచ్చా?
- ఒక మెకానిక్కు, చిలకలూరిపేట

వద్దు. ఉక్కు కొలిమిలో నియోడిమియం చిట్టెంలో కలిసిపోతుంది, మళ్లీ దొరకదు. లైసెన్సున్న ఈ-వేస్టు వాళ్లకు ఇవ్వండి. ఇలాంటి రీసైక్లింగుకు కేంద్రం 2025 సెప్టెంబరులో 1,500 కోట్ల ప్రోత్సాహక పథకం ఆమోదించింది.