మోసినవాడు నిర్దోషి కాడు

మత్తు పదార్థాల ప్రస్తావన వస్తే మనకు గుర్తొచ్చేది వాటిని సేవించేవాడే. అతణ్ణి తిడతాం, లేదా జాలిపడతాం. సరుకును అతని వరకూ చేర్చినవాడి గురించి ఆలోచించం.

విశాఖ ఏజెన్సీలో, ఆంధ్ర-ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి రైళ్లలో, బస్సుల్లో, కార్ల డిక్కీల్లో దూర రాష్ట్రాలకు పోతుంటుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు ఒకేసారి సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. పట్టుబడిన సరుకే అంత ఉంటే, దాన్ని మోసిన చేతులెన్నో ఊహించండి. పెట్టుబడిదారుడు సాధారణంగా చాటునే ఉంటాడు. దారిలో దొరికేది సంచి పట్టుకున్న కుర్రవాడు.

“నేను తాగలేదు, అమ్మలేదు. సంచి అందించానంతే” అని ఆ కుర్రవాడు తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. ధర్మంలో ఈ సాకుకు చోటులేదు. సారాయి విషయంలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పది మందిని శపించారని తిర్మిజీ హదీసులో ఉంది. అందులో తాగేవాడితోపాటు పిండేవాడు, అమ్మేవాడు, కొనేవాడు, మోసేవాడు, ఎవరికోసం మోస్తున్నారో అతడు, చివరికి దాని సొమ్ము తినేవాడు కూడా ఉన్నారు. గంజాయి సారాయి కాదుగదా అని కొందరు వాదిస్తారు. బుద్ధిని కప్పివేసే ప్రతిదీ ఖమ్రేనని హజ్రత్ ఉమర్ (రజి) మింబర్‌పై నుంచే స్పష్టం చేశారు. కనుక ఆ సంచికి దొరికిన కూలి హలాల్ సంపాదన కానేరదు. దానితో కొన్న బియ్యం ఇంటిల్లిపాదీ తింటారన్నది మరో బాధ.

దేశ చట్టమూ కఠినమైనదే. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం 20 కిలోలకు మించిన గంజాయితో దొరికితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు కఠిన కారాగారం. బెయిలు దొరకడమూ చాలా కష్టం. సంచిలో ఏముందో తెలియదంటే, ఆ మాట రుజువు చేసుకోవలసిన భారం నిందితుడిదే. అదే చట్టంలోని 64ఎ సెక్షను మాత్రం, కొద్ది పరిమాణంతో దొరికిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పిస్తుంది. బిడ్డ ఈ రొంపిలో చిక్కాడని తెలిసీ పరువుకోసం దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. సలహాకు 14446 నంబరు ఉంది.

గల్ఫ్‌కు మనవాళ్లు వెళ్లే ఇళ్లకు మరో మాట. ప్రయాణం ముందు రోజు ఎవరో వచ్చి “మా తమ్ముడికి ఈ పచ్చడి డబ్బా ఇవ్వండి” అంటారు. కాదనడానికి మొహమాటం. 2019లో ముంబయి నుంచి దోహా వెళ్లిన ఒక జంట సామానులో, బంధువు ఇచ్చిన ప్యాకెట్టులో హషీష్ బయటపడింది. పదేళ్ల శిక్ష పడింది. నిర్దోషులని తేలి 2021లో ఇల్లు చేరేలోపు రెండేళ్లకు దగ్గరగా చెరలో గడిచాయి.

అందుచేత ఇచ్చినవారి ఎదుటే మూత తీయించండి. పొట్లం విప్పించి, మీ చేతులతోనే తిరిగి కట్టండి. విప్పడానికి వారు ఒప్పుకోకపోతే, మీ అన్నగారైనా సరే, ఆ డబ్బా వారితోనే వెనక్కి పంపండి.