వెల్డింగ్ రాడ్డు: వెల చూసి కాదు, పని చూసి ఎంచుకోవాలి



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాడిని. వెల్డింగు నా చేతి పని కాదు. అయినా దాని గురించి రాయడానికి కారణం ఉంది.

కొన్నేళ్ళ కిందట ధర్మపురిలో మా మిద్దెమీద నీళ్ళ ట్యాంకుకు ఇనుప స్టాండు చేయించాను. అటకమీద పాత రాడ్ల పెట్టె ఉండేది. "సార్, ఇవి చెమ్మెక్కాయి, కొత్తవి తెప్పించండి" అన్నాడు వెల్డింగు కుర్రవాడు. డబ్బు మిగులుతుందని నేనే పట్టుబట్టి వాటితోనే చేయించాను. ఏడాది తిరగకముందే ఒక కాలి అతుకు విడిపోయి స్టాండు ఒరిగింది. ఆ సమయంలో కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. విడిన చోట లోపలంతా సూదిబెజ్జాలు. తప్పు కుర్రవాడిది కాదు, నాది. తర్వాత అతన్ని అడిగి, పుస్తకాలు చూసి నేర్చుకున్న పాఠం ఇది.

పూత పని: రాడ్డు పైపూత కాలి పొగగా మారి, కరిగిన ఇనుముకు గాలి తగలకుండా కాపాడుతుంది. మిగిలినది స్లాగుగా పైన పేరుకుంటుంది. పూతలో చెమ్మ ఉంటే ఆవిరి బుడగలై అతుకులో చిక్కుకుంటుంది.

నంబరు చదవడం: 6013లో 60 అంటే అతుకు చదరపు అంగుళానికి కనీసం 60,000 పౌండ్ల లాగుడుకు ఆగుతుంది. తర్వాతి 1 అంటే పడుకోబెట్టి, నిలువుగా, తలపైన ఎలాగైనా అతకవచ్చు. చివరి అంకె పూత రకాన్ని, కరెంటు రకాన్ని తెలుపుతుంది. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 814లో సంకేతాలు వేరుగా ఉంటాయి.

ఏ పనికి ఏది: గేట్లు, కిటికీ గ్రిల్లులు, పలుచని రేకులకు 6013 చాలు. మామూలు ఏ.సి. ట్రాన్స్‌ఫార్మర్ మీద సులువుగా వెలుగుతుంది. మందమైన ఇనుము, బరువు మోసే దూలాలకు 7018. దీనికి డి.సి. మెషిను మేలు. ఇది చెమ్మను అసలు సహించదు. చెమ్మలోని హైడ్రోజన్ ఇనుములో చేరితే పని ముగిసిన కొన్ని గంటల తర్వాత కూడా పగులు రావచ్చు. అందుకే పెట్టెమీద రాసిన ప్రకారం 300 డిగ్రీల పైన ఓవెన్‌లో ఆరబెట్టి వాడతారు. 6013ను అంత వేడి చేయకూడదు, పూత పాడవుతుంది.

వాడకం: 3.15 మి.మీ. 6013 రాడ్డుకు సుమారు 90 నుంచి 130 ఆంపియర్లు. తుప్పు, పెయింటు, నూనె ముందే తుడవాలి. ఒక వరుస వేశాక స్లాగు కొట్టి, బ్రష్షుతో శుభ్రం చేశాకే రెండో వరుస. నల్ల అద్దం, తోలు చేతితొడుగులు, నూలు బట్టలు తప్పనిసరి. పిల్లలూ, దారిన పోతూ కూడా ఆ వెలుగును చూడకండి, కళ్ళు దెబ్బతింటాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఐ.టి.ఐ.లో వెల్డర్ కోర్సు ఒక్క ఏడాదే. బాయిలర్లు చేసే తిరుచ్చి భెల్‌లో వెల్డింగుకని ప్రత్యేకంగా పరిశోధన సంస్థే ఉంది. చిన్న చదువని పిల్లవాడిని చిన్నబుచ్చకండి. బ్యాంకులో లెక్క తప్పితే సాయంత్రం మళ్ళీ కూడి సరిచేసేవాళ్ళం. అతుకు లోపలి తప్పు పైకి కనబడదు. ఆ పని తెలిసిన కుర్రవాడు వద్దంటే, డిగ్రీ ఉన్న మనం వినాలి.